చందమామ మీద నూతి ఒర

చంద్రుడి మీద కనిపించే ఆ గుండ్రటివాటిని ఏమని పిలవాలన్నది మా పెరట్లో మొదటి సాయంత్రమే పేచీకి వచ్చింది. టెలిస్కోపుతో పాటు నేను తెప్పించుకున్న తెలుగు పుస్తకంలో "గుంటలు" అని ఉంది. నేనూ అదే మాట పట్టుకుని, గోడ మీంచి తొంగిచూస్తున్న పక్కింటి మనిషితో, "చంద్రుడి మీద గుంటలు కనిపిస్తున్నాయి, వచ్చి చూడు" అన్నాను. అతను పగలబడి నవ్వాడు.

"సెందమామ మీద గుంటలేటప్పా? బడికెల్తన్నారేటి?"

మా శ్రీకాకుళం వైపు గుంట అంటే పిల్ల. గుంటలంటే పిల్లలు. ఇక్కడే పుట్టి పెరిగి, ఇక్కడే ఉద్యోగం చేస్తూ, అచ్చులో కనిపించేసరికి మా ఊరి మాట మరిచిపోయాను. అచ్చులో ఉన్నదంటే నాకు అంత నమ్మకం. అతను గోడ దాటి వచ్చి, వంగి, ఒక కన్ను మూసి చూశాడు. నవ్వు ఆగిపోయింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఇవి నూతులప్పా," అన్నాడు చివరికి. "ఒర కూడా దించీసున్నాది."

అతని పని నూతి ఒరలు పోయడం. మా తీరం వైపు నేలంతా ఇసుక. నుయ్యి తవ్వితే పక్కలు నిలవవు, జారి పూడిపోతాయి. అందుకని అచ్చుల్లో సిమెంటు పోసి గుండ్రటి వలయాలు చేసి, ఒకదాని మీద ఒకటి లోపలికి దించుతారు. ఆ వలయమే ఒర. అతను నాకు తోడబుట్టినవాడు కాదు. నన్ను అప్పా అని, అంటే అక్కా అని, పిలుస్తాడు కనుక నాకు తమ్ముడు. శ్రీకూర్మం వెళ్ళే దారిలో పక్కపక్కన ఇళ్ళు మావి, మధ్యలో నడుం ఎత్తు గోడ. గోడకి ఇటు నా కరివేపాకు చెట్టు, రెండు కొబ్బరిచెట్లు. అటు వరసగా ఆరుతున్న ఒరలు. భావనపాడు దాకా అతను దించిన ఒరల్లోంచి నీళ్ళు తోడుకుంటున్నవాళ్ళు ఉన్నారు.

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్ని. ముప్ఫై ఏళ్ళు కావస్తోంది, రోజూ మైక్రోస్కోపులో కళ్ళు పెట్టుకుని బతుకుతున్నాను. ఏజెన్సీ వైపు పనిచేసిన రోజుల్లో మలేరియా సీజనులో బల్ల మీద రక్తపు స్లైడ్లు దొంతరలుగా పడి ఉండేవి. గోరంత గాజు మీద, ఇంకెవరికీ కనిపించని చుక్కని నేను పట్టుకునేదాన్ని. డాక్టర్లు అనుమానం వస్తే "మేడమ్ చూశారా?" అని అడిగేవారు. నా కళ్ళంటే నాకు గర్వం. దాన్ని గర్వమనడం కూడా మర్యాదకే, పొగరు అనాలి.

అంత చిన్నవాటిని చూసీ చూసీ, ఒక్కసారి పెద్దదాన్ని చూడాలనిపించింది. అలా వచ్చింది టెలిస్కోపు. వెనక పెద్ద అద్దం ఉన్న తెల్లటి గొట్టం. మా ఆయన సాలూరు దగ్గర ఒక బడిలో హెడ్మాస్టరు, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారుజామునే వెళ్ళిపోతారు. ఆయన పెట్టె చూసి, "రిటైరయ్యాక పట్టాల్సిన పిచ్చి నీకు ముందే పట్టింది" అన్నారు. అని, ఆదివారం చర్చి నుంచి వచ్చాక భోజనం కూడా మరిచిపోయి స్క్రూలన్నీ ఆయనే బిగించారు.

ఇసుక నేల మీద దాని మూడు కాళ్ళు నిలవలేదు. చంద్రుణ్ణి పట్టుకుని ఇటు తిరిగేలోపల ఒక కాలు దిగబడేది. ఇది చూసి తమ్ముడు మర్నాడు ఒక ఒరని దొర్లించుకుంటూ గేటు గుండా మా పెరట్లోకి తెచ్చాడు. ఆ దొర్లడంలోనే తెలిసింది అది మంచి ఒర కాదని. రెండు బారలు సాఫీగా వచ్చేది, ఒక చోట డబుక్కున కూలబడేది.

"కుంటతాది," అన్నాడు. "అచ్చు జరిగిపోయి ఓ పక్క నొక్కు పడిపోనాది. నూతిలోకి పనికిరాదు. నీకు పనికొస్తాది."

అతనికి ఒర మంచిదో కాదో చూడడానికి వేరే కొలత లేదు. పురితాడుతో కొలుస్తాడు కానీ అది కొనేవాళ్ళ కోసం. తన కోసం మాత్రం దొర్లించి చూస్తాడు. సాఫీగా పోతే, "దొర్లతాది" అంటాడు. ఆ ఒక్క మాటతో ఒర పాసైనట్టు. కుంటి ఒరని మా పెరట్లో నేలలోకి సగం దించి, నిండా ఇసుక పోసి, పైన సిమెంటు పలక వేశాడు. దాని మీద టెలిస్కోపు కొండలా కూర్చుంది.

ఫొటోల కోసం నేను పడ్డ అవస్థ చెప్పుకోవాలంటే సిగ్గు. మొదట్లో ఫోన్ని చేత్తో పట్టుకుని, కన్ను పెట్టే చోట ఆనించేదాన్ని. నా ఊపిరికే చంద్రుడు ఊగిపోయేవాడు. తర్వాత ఫోన్ని బిగించే క్లాంపు తెప్పించాను. పగలంతా కాగిన సిమెంటు పలక సాయంత్రం ఆవిరి వదులుతుంటే, చంద్రుడి అంచు గంజి పొంగుతున్నట్టు కదిలేది. అందుకని ఒక్క ఫొటో కాకుండా వీడియో తీసి, అందులోంచి కదలకుండా ఉన్న ఒక్క క్షణాన్ని ఏరుకోవడం నేర్చుకున్నాను. స్లైడు మీద పురుగుని వెతికే ఓపిక ఇక్కడ పనికొచ్చింది. పదిహేను వీడియోలకి ఒక మంచి బొమ్మ దొరికితే ఆ రోజు నేను మహారాణిని.

చంద్రుడు సగం ఉన్నప్పుడే నూతులు బాగా కనిపిస్తాయి. పున్నమినాడు అక్కడ ఎండ నడినెత్తిన ఉంటుంది, నీడ ఉండదు, ఎటు చూసినా పిండి ఆరబోసినట్టే. అదే శుక్లపక్షంలో అష్టమి, నవమి రోజుల్లో వెలుతురు పక్కనుంచి పడుతుంది. నూతి అంచుల నీడ లోపలికి దిగుతుంది. పైగా సూర్యుడు ఇలా దిగగానే అలా నడినెత్తిన ఉంటాడు చంద్రుడు. దీపాలు పెట్టే వేళకి చూడడం మొదలుపెట్టి, అన్నాల వేళకి ముగించేయొచ్చు.

మా తమ్ముడికీ అదే కలిసొచ్చింది. అష్టమి, నవమి అంటే అతను పని ముట్టడు. అచ్చు బిగించడు, ఒర దించడు, ఎవరొచ్చి బతిమాలినా గుమ్మం దాటడు. గోడ దాటి మా పెరట్లోకి రావడం మాత్రం లెక్కలోకి రాదు. నెలలో ఆ సాయంత్రాలు ఖాళీ కనుక నా టెలిస్కోపు దగ్గరే ఉండేవాడు. మేం బాప్టిస్టు క్రైస్తవులం, మాకు తిథులు లేవు. ఆ పట్టింపు చూసి నేను ఎప్పుడూ ఎకసెక్కం చేసేదాన్ని. "అష్టమినాడు చంద్రుడే పని మానలేదు, నీకేమొచ్చింది?" అనేదాన్ని. "ఆడి పని ఆడిది, నా పని నాది," అని నవ్వి ఊరుకునేవాడు. ఎందుకని ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

పుస్తకంలో ఆ నూతులన్నిటికీ పెద్దపెద్ద శాస్త్రవేత్తల పేర్లున్నాయి. మా పెరట్లో అవేవీ చెల్లలేదు. చంద్రుడి నడిబొడ్డున, వెలుతురూ చీకటీ కలిసే గీత పక్కన, మూడు నూతులు ఒక వరసలో ఉంటాయి. ఒకటి బాగా పెద్దది, రెండోది కాస్త చిన్నది, మూడోది ఇంకా చిన్నది. మొదటి రోజు నవ్వుని గుర్తుపెట్టుకుని వాటికి మేం తల్లి, పెద్ద గుంట, చిన్న గుంట అని పేర్లు పెట్టుకున్నాం. మూడింట్లోనూ చిన్న గుంట చక్కనిది. అంచు తీర్చినట్టు ఉంటుంది, మధ్యలో ఒక గుట్ట, ఆ గుట్ట కొసకి ముందుగా వెలుతురు తగులుతుంది. దాని అడ్డం కొలత పుస్తకంలో చూసి లెక్కేస్తే, ఇంచుమించు ఇక్కణ్ణించి విశాఖపట్నం దాకా వచ్చింది.

"అంత ఒర పొయ్యాలంటే ఎన్ని బస్తాలవుతాదో," అని తమ్ముడు నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

అతను చూసే తీరు వేరు. నేను ఉన్నదాన్ని చూస్తాను, అతను ఎలా కట్టారో చూస్తాడు. నీడ ఎంతవరకు దిగిందో చూసి, ఇది లోతు నుయ్యి, ఇది పూడిపోయిన నుయ్యి అని చెప్పేసేవాడు. నేను లోపలికి వెళ్ళి పుస్తకం చూస్తే అతను చెప్పినదే ఉండేది. నాకు లోలోపల ఒళ్ళు మండేది. పైకి మాత్రం "ఏదో తగిలింది" అనేదాన్ని.

అలా ఏడాది పైనే గడిచింది. ఆ ఏడాదిని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. అతని భార్య గోడ మీంచి జీడిపప్పు వేసిన ఉప్మా గిన్నె అందించేది. తనూ ఒకసారి చూసి, "వదినా, నెలనెలా ఇదేటి సూస్తారు, మారదు కదా?" అని వెళ్ళిపోయేది. మారదనే నేనూ అనుకున్నాను.

మరుసటి మాఘమాసంలో ఒక అష్టమినాడు చిన్న గుంట మారిపోయింది.

కుడికన్ను పెట్టి చూస్తున్నాను. టెలిస్కోపుకి ఎప్పుడూ కుడికన్నే నాకు. చిన్న గుంట అంచు ఒక పక్క లోపలికి నొక్కుకుపోయి ఉంది. అంతకు ముందు నెల కూడా ఆ అంచు కాస్త వణికినట్టు అనిపించింది కానీ, పలక వేడికి అనుకుని వదిలేశాను. ఈసారి చల్లటి సాయంత్రం, గాలి లేదు, నొక్కు స్పష్టంగా ఉంది. నాకు నవ్వొచ్చింది.

"ఇటు రా తమ్ముడూ. చిన్న గుంటకి ఒక పక్క నొక్కు పడింది. అచ్చం నువ్వు పోసిన కుంటి ఒరలాగే ఉంది."

అతను వచ్చి చూశాడు. ఇటు తిరిగి చూశాడు, అటు తిరిగి చూశాడు.

"నొక్కేటీ నేదప్పా. సక్కగా గుండ్రంగా ఉన్నాది."

నేను మళ్ళీ చూశాను. ఉంది. అతను మళ్ళీ చూశాడు. లేదు. చంద్రుడి చివరన ఉన్న నూతులు మనకి కోలగా కనిపిస్తాయని, అది వేరే సంగతని, ఇది నడిమధ్యన ఉంది కనుక నొక్కు నిజం నొక్కేనని పాఠం చెప్పాను. అతను అంతా విని, "నేదప్పా, ఇది దొర్లతాది," అన్నాడు.

కోపం వస్తే నాకు అచ్చులో మాటలు పోయి ఊరి మాట వచ్చేస్తుంది. "ముప్పై ఏల్లు మైక్రోస్కోపులో కన్నెట్టినదాన్ని నాను. సిమెంటు కలుపుకునీవోడివి నువ్వు నాకు సూపు నేర్పుతావేటి?" అనేశాను.

ఆ మాట అన్నానని రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

"సిమెంటు కలిపీవోణ్నే అప్పా," అన్నాడు నెమ్మదిగా. "గుండ్రవేటో మట్టుకి నాకు తెలుస్తాది."

ఎప్పుడూ గోడ దాటి వెళ్ళే మనిషి ఆ రోజు గేటు తీసుకుని, రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి ఇంటికి వెళ్ళాడు.

నాకు పంతం వచ్చింది. ఫోన్ బిగించి వరసగా వీడియోలు తీశాను. మంచి బొమ్మ ఏరి, పెద్దది చేసి, రుజువుగా అతని ముందు పెట్టాలని నా ఆలోచన. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని చూసుకున్నాను. బొమ్మలో చిన్న గుంట గుండ్రంగా ఉంది. నొక్కు లేదు. ఇంకొకటి తెరిచాను, అందులోనూ లేదు. అప్పటికైనా బుద్ధి రావాలి కదా? రాలేదు. ఈ ఫోన్లు మొహాల మీద మచ్చలే మాయం చేస్తున్నాయి, చంద్రుడి నొక్కు తీసేయడం వీటికి ఎంతసేపు అనుకున్నాను. అలా అనుకుని హాయిగా నిద్రపోయాను కూడా.

తెల్లారింది, నవమి. నేను ఆరోగ్య కేంద్రానికి బయల్దేరుతుంటే తమ్ముడు గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో భార్య గాజు ఒకటి, ఆకుపచ్చ మట్టిగాజు.

"ఫొటో తీసినావు కదప్పా. ఇలగియ్యి."

ఇవ్వక తప్పలేదు. ఫోన్ని గోడ మీద వెల్లకిలా పెట్టాడు. చిన్న గుంటని వేళ్ళతో సాగదీసి, గాజు లోపలికి సరిపడేంత చేసి, దాని మీద గాజు పెట్టాడు. నూతి అంచు చుట్టూ గాజు అంచు కూర్చుంది. ఎక్కడా సందు లేదు.

"సూడు."

"ఫోన్ దాన్ని సరిచేసేసింది," అన్నాను. నాకే ఆ మాట పేలవంగా వినిపించింది. అందుకని ఇంకా గట్టిగా, "టెలిస్కోపులో చూసినట్టు చూడాలి," అంటూ ఎడమకన్ను మూసి, కుడికన్నుతో ఫోన్ మీదికి వంగాను.

నొక్కు ఉంది!

"ఇదిగో!" అని అరిచాను. నిజంగా గెలిచినట్టే అరిచాను. వేలు పెట్టి చూపిస్తున్నాను కూడా. అప్పుడు గమనించాను, నూతి అంచుతో పాటు గాజు కూడా అదే చోట నొక్కుకుపోయి ఉంది.

మూసిన కన్ను తెరిచాను. గాజు గుండ్రంగా ఉంది. ఎడమకన్ను మూశాను. నొక్కుకుపోయింది. తలెత్తి అటు చూశాను. గోడ అవతల ఆరుతున్న అతని ఒరలు, అతను దొర్లించి పాస్ చేసిన మంచి ఒరలు, దేన్ని చూస్తే అది ఒక పక్కకి కుంగి ఉంది. అతని మొహం చూశాను. ముక్కు పక్కకి జరిగి ఉంది.

ముప్ఫై ఏళ్ళు ఇతరుల రక్తంలో జబ్బు పట్టుకున్న మనిషికి తన కంట్లోది తెలియలేదు. మా కేంద్రంలో ఇప్పుడున్నది రెండు కళ్ళతో చూసే మైక్రోస్కోపు. కుడికన్ను చేసే తప్పుని ఎడమకన్ను ఎన్నాళ్ళ నుంచి సర్దిపెడుతూ వచ్చిందో! గోడ పట్టుకున్నాను. పని పోతుందన్న భయం ముందు వచ్చిందా, చూపు పోతుందన్న భయం ముందు వచ్చిందా అంటే చెప్పలేను. ఆ రెండూ నాకు ఒకటే.

"గాజు కూడా నొక్కుకుపోయింది తమ్ముడూ," అన్నాను. "నా కన్నే."

అతను "సెప్పేనా?" అనొచ్చు, ముందు రోజు నేనన్న మాటకి ఆ హక్కు అతనికి ఉంది. అనలేదు. మా డాక్టరుగారికి ఫోన్ చేస్తే, "ఇక్కడా అక్కడా ఆగకండి, నేరుగా విశాఖ వెళ్ళి రెటీనా డాక్టరుకి చూపించండి, ఇవాళే" అన్నారు. నేను మాత్రం నసిగాను. ఈరోజు బుధవారం, శనివారం మా ఆయన వస్తారు, ఆయనతో కలిసి వెళ్తానన్నాను. తమ్ముడు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ఇవాళ నవమి కదా, నువ్వు గుమ్మం దాటవు కదా," అన్నాను. అతని భార్య అప్పటికే గడపలోకి వచ్చి నిలబడింది. ఆమె మొహంలో భయం చూసి, నా గురించే అనుకున్నాను.

"నుయ్యి కూలిపోతంటే తిథి సూసుకుంటామేటప్పా?" అన్నాడు. "పద."

స్కూటరు మీద ఆర్టీసీ కాంప్లెక్సుకి, అక్కణ్ణించి విశాఖ బస్సుకి. చిన్న గుంట ఈ అంచు నుంచి ఆ అంచుకి వెళ్ళినంత దూరం. దారంతా నేను ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి కిటికీ చువ్వలు చూస్తూ కూర్చున్నాను. అతను రెండుసార్లు నా చెయ్యి పట్టి ఆపి, "ఊరుకో అప్పా, అలసిపోతాది," అన్నాడు. ఏది అలసిపోతుందో చెప్పలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నాకు గళ్ళ కాగితం ఒకటి ఇచ్చి, ఒక్కో కన్నుతో చూడమంది. కుడికన్నుతో చూస్తే గీతలు మధ్యలో వంగిపోయాయి. స్కాన్ తీశారు. కంటి వెనక పొర నడిమధ్యన, సన్నటి రక్తనాళం ఒకటి కారి, కింద నీరు చేరుతోందన్నారు. కంట్లోకే ఇంజెక్షన్ వేయాలన్నారు. వేశారు. దాని గురించి ఎక్కువ రాయను, అనుకున్నంత నొప్పి లేదు, భయమే ఎక్కువ.

"తొందరగా వచ్చారు," అంది డాక్టరమ్మ. "ఒక కంట్లో ఇలా వస్తే రెండో కన్ను కప్పేస్తుంది. చాలామంది నడిమి చూపు పోయాకే వస్తారు. మీరు ఎలా కనిపెట్టారు?"

"నేను కనిపెట్టలేదు," అన్నాను. "నూతి ఒరలు పోసే మనిషి కనిపెట్టాడు."

ఆమె నా వైపు చూసింది, తర్వాత తలుపు దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ అతని వైపు చూసింది. అర్థమయి ఉండదు. నేను చెప్పబోతే అతను, "పదప్పా, బస్సెల్లిపోతాది," అన్నాడు.

ఆ తర్వాత నెలకొకటి చొప్పున ఇంకో రెండు ఇంజెక్షన్లకి మా ఆయన సెలవు పెట్టి తీసుకెళ్ళారు. నీరు తగ్గింది. చూపు నిలిచింది. గీతలు పూర్తిగా చక్కబడలేదు, ఒక చోట వెంట్రుకంత వంపు ఉండిపోయింది. ఉండనీ. స్లైడు మీద చుక్క ఇప్పటికీ నాకు దొరుకుతుంది. రోజూ బల్ల ముందు కూర్చోగానే, దేవుడికి ఒకసారి, గోడ అవతలి మనిషికి ఒకసారి మనసులో దణ్ణం పెట్టుకుని మొదలుపెడతాను.

మూడో ఇంజెక్షన్ అయి వచ్చిన మర్నాడు అతని భార్య వచ్చి నా పక్కన కూర్చుంది. మాటల్లో నేను, "ఆ రోజు నవమి అని కూడా చూడకుండా వచ్చాడు మీ ఆయన," అన్నాను.

"మీకు తెలీదేటి వదినా?" అంది. "మా మావ కాలు నలిగిపోయింది నవమి నాడే కదా. ఈయన కుర్రతనంలో, ఎవరో తొందరపెడితే నవమి నాడు ఒర దించినారు ఇద్దరూ, మావ నూతిలోన, ఈయన పైన. పైనుంచి ఒర జారిపోనాది. అది పట్టుకున్నది ఈయనే. సెయ్యి జారింది. అప్పుట్నించీ ఆ రోజున గుమ్మం దిగడు. మిమ్మల్ని తీసుకెల్లిన రోజు మీరిద్దరూ తిరిగొచ్చీవరకూ నాను పొయ్యి ముట్టించనేదు."

వాళ్ళ మావని నేనెరుగుదును. చనిపోయేదాకా కర్ర పట్టుకుని, ఒక కాలు ఈడుస్తూ మా గేటు ముందు నుంచే నడిచేవాడు. కాలికేమైందని నేను ఎప్పుడూ అడగలేదు. నెలనెలా ఆ కొడుకుని పక్కన నిలబెట్టుకుని, అష్టమికి చంద్రుడు పని మానలేదని నవ్వుతూ ఉండేదాన్ని. పెరట్లో ఉన్న ఒరని కుంటి ఒర అని పిలిచేదాన్ని. అతనూ ఆ మాటే అనేవాడు కానీ, అతను అన్నప్పుడు అందులో ఏముందో నాకు తెలియదు. ఆ సాయంత్రం గోడ దగ్గరికి వెళ్ళాను.

"ఆ రోజు నేనన్న మాట తప్పు తమ్ముడూ," అన్నాను.

అతను అచ్చుకి నూనె రాస్తున్నాడు. "ఏ మాట?" అన్నాడు తలెత్తకుండా. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

ఇంటి దగ్గర రోజూ కన్ను చూసుకోమని డాక్టరమ్మ ఆ గళ్ళ కాగితం ఇచ్చి పంపింది. అది బీరువాలో ఉంది. నేను వాడేది ఆకుపచ్చ గాజు. అతని భార్య ఇచ్చేసింది, వంటింటి కిటికీ పక్కన మేకుకి వేలాడుతుంది. రోజూ పొద్దున్న కాఫీ పొయ్యి మీద పెట్టి, ఎడమకన్ను మూసి దాని వైపు చూస్తాను. ఆ వేళకి అతను గోడ అవతల ఒరలకి నీళ్ళు కొడుతూ ఉంటాడు. గొట్టం పక్కన పెట్టి, అక్కణ్ణించే కేకేస్తాడు. అష్టమి అయినా, నవమి అయినా, ఒక్కరోజూ మానడు.

"అప్పా! దొర్లతందా?"

"దొర్లతాది," అంటాను.